అరగంట నీళ్లు

బస్సు నిజ్వా కోట ముందు ఆగేసరికి బాబు మియా అక్కడికి వచ్చి గంటయింది. హిలాల్ ఇచ్చిన తెల్ల దిష్‌దాషా, అరబ్బుల పొడుగు అంగీ, వేసుకున్నాడు. అది హిలాల్‌ది, పాతది. భుజాల దగ్గర పట్టేసింది. కాళ్లకు మాత్రం తన చెప్పులే, తోటలో బురద తొక్కే రబ్బరు చెప్పులు. వాటిని మసీదు కుళాయి దగ్గర రెండుసార్లు కడిగాడు. మడమల పగుళ్లలో మట్టి మాత్రం పోలేదు.

హిలాల్ అర్బాబ్ నాసర్ కొడుకు. అర్బాబ్ అంటే బాబు మియా పనిచేసే తోట యజమాని. రూవి పట్నంలో ఒక టూరు కంపెనీలో గైడు పని. పోయిన వారం తోటకి వచ్చి చెప్పాడు. రూవిలో ఉండే తెలుగు కుటుంబాలు బస్సు మాట్లాడుకున్నాయట. నిజ్వా కోట, జబ్రిన్ కోట, ఆ తర్వాత మన తోట. వాళ్లలో ముసలివాళ్లు ఉన్నారు, వాళ్లకు ఇంగ్లీషూ రాదు, హిందీ రాదు. "నువ్వు నాతో ఉండు. వాళ్లకి నీ మాటలో చెప్పు. ఆ గురువారం తోటలో డ్యూటీ లేదు" అన్నాడు.

పదకొండేళ్లలో డ్యూటీ లేని గురువారం అదే మొదటిది.

బస్సులోంచి ముందు ఒకామె కాగితం చేత్తో పట్టుకుని దిగింది. పేర్లు చదివి లెక్క పెడుతోంది. ఆమె వెనక తెల్లజుట్టు పెద్దావిడ మెట్టు దగ్గర ఆగింది.

"అత్తయ్యా, మెల్లిగా. మెట్టు ఎత్తుగా ఉంది."

"నేను దిగుతాలే శేషూ. నువ్వు పిల్లల్ని చూసుకో." పెద్దావిడ దిగి, ఎదురుగా ఉన్న బాబు మియాని పైనుంచి కింద దాకా చూసింది. "ఏమే, ఈ అరబ్బాయనకి నమస్కారం పెట్టొచ్చా, పెట్టకూడదా?"

"పెట్టొచ్చు మా," అన్నాడు బాబు మియా. "మాది కడప కాడ."

బస్సు మెట్ల మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. శేషుకుమారి మొగుడు రామ్మోహన్ మెడలో కెమెరా వేసుకుని ఉన్నాడు. "అమ్మా, నీకోసం కడప అరబ్బుని తెప్పించారే" అన్నాడు. పెద్దావిడ పేరు రామలక్ష్మి. తణుకు నుంచి కొడుకు దగ్గరికి మూడు నెలలకి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. "ఇంత దూరంలో తెలుగు మాట విన్నాను, అదే చాలు. నీ పేరేంటి నాయనా?" అంది.

కోట బురుజు ఎక్కే మెట్లు ఇరుకు. తలుపు దాటిన చోటల్లా పైకప్పులో ఒక రంధ్రం. హిలాల్ ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు. శత్రువులు తలుపు బద్దలు కొట్టుకుని వస్తే, పైనుంచి కాగిన ఖర్జూరపు పాకం పోసేవారని. పిల్లలు రంధ్రం కిందికి వెళ్లి పైకి చూస్తున్నారు.

"పాకం ఎందుకండీ, వేణ్ణీళ్లు చాలవా?" అన్నారెవరో.

హిలాల్ బాబు మియా వైపు చూశాడు. బాబు మియా గొంతు సవరించుకున్నాడు. ఇంతమంది తన మాట కోసం ఆగడం అతనికి కొత్త.

"నీళ్లయితే జారిపోతాయి మా. పాకం అట్ల కాదు, పట్టుకుంటాది. చెరుకు బట్టీ కాడ బెల్లం పాకం చేతి మీద పడితే ఎట్లుంటాది? తుడిస్తే తోలు వస్తాది. ఖర్జూరాలు సంచులకు కుట్టి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఆ బరువుకి పాకం కారి కిందనున్న కాలవల్లో పడతాది. దాన్ని కాంచుతారు."

"అంటే గులాబ్ జామూన్ పాకమా?" అన్నాడు రామ్మోహన్ కొడుకు వరుణ్.

"అట్లాంటిదే నాయనా. జామూను మాత్రం నువ్వే."

వాడు ఆ రంధ్రం కిందినుంచి ఒక్క దూకు దూకాడు. అందరూ నవ్వారు. హిలాల్‌కి మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది. బాబు మియా భుజం తట్టాడు.

బురుజు పైకి ఎక్కాక చుట్టూ ఖర్జూరపు తోటలు నల్లగా, వాటి వెనక కొండలు బూడిద రంగులో కనిపించాయి. ఇన్నేళ్లలో బాబు మియా ఈ కోటని రోడ్డు మీదినుంచే చూశాడు. పైనుంచి చూస్తే తోటల మధ్య కాలువలు కనపడలేదు. పచ్చదనం ఎక్కడ ఆగిందో అక్కడ నీళ్లు ఆగాయని మాత్రం తెలుస్తోంది.

జబ్రిన్ కోటలో రామలక్ష్మి మెట్లెక్కలేనంది. అందరూ పైకి పోతే, బాబు మియా ఆవిడతో కింద ఉండిపోయాడు. గోడ పక్కన సన్నటి కాలువ పారుతోంది. ఆవిడ అరుగు మీద కూర్చుని అటే చూస్తోంది.

"కొండల్లోంచి వస్తుందా ఇది?"

"కొండ కిందినుంచి మా. భూమిలో సొరంగం తవ్వి తెస్తారు. ఫలజ్ అంటారు ఈడ. ఈడ మా తోట ఉండే ఊళ్లో కూడా ఇట్లాంటిదే. ఊరంతా అదే తాగాల, అదే పారించుకోవాల."

"ఎవరికి ఎంతని ఎలా పంచుకుంటారు?"

బాబు మియా పుల్ల తీసుకుని మట్టిలో నిలబెట్టాడు. దాని నీడ పక్కన రెండు గులకరాళ్లు పెట్టాడు. "నీడ ఈ రాయి నుంచి ఈ రాయి కాడికి పోతే ఒక అథర్. అరగంట అనుకో. ఎనిమిది రోజులకొకసారి వంతు. మా అర్బాబ్‌కి ఎనిమిది అథర్లు. కొందరికి ఒకటే. నీళ్లపెద్ద సులేమాన్ అని ముసలాయన ఉండాడు, ఆయన నీడ చూసి చెప్తాడు. గడియారం చూపిస్తే ఒప్పుకోడు."

"మా కాలవల మీదా వంతులే," అంది రామలక్ష్మి. "వంతు తప్పించాడని మా మరిది తల పగలగొట్టారు. ఇప్పటికీ మచ్చుంది." ఆవిడ వంగి నీళ్లలో వేలు ముంచి, కళ్లకద్దుకుంది. "నీళ్లు ఎక్కడైనా ఒకటే."

తోటకి చేరేసరికి పదకొండు దాటింది. ఖర్జూరపు చెట్ల కింద చాపలు పరిచారు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బాలు దిగాయి. రామలక్ష్మి కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి బాబు మియాకే ముందు ఇచ్చింది. అతను నిలబడే తిన్నాడు. పళ్లెంలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

"ఏరా, కాలవన్నావు, ఏదీ?" అని రామ్మోహన్ తన కొడుకుని అడిగాడు. వరుణ్ తోట మధ్య తొట్టిలో నిలబడి ఉన్నాడు. తొట్టి ఎండిపోయి ఉంది. అడుగున బురద పెచ్చులు లేచి, చీమలు తిరుగుతున్నాయి.

"గైడు అంకుల్ బస్సులో చెప్పాడు డాడీ, నీళ్లుంటాయని."

ఫలజ్ తోట గోడ వెంబడి, రాతిపలకల కింద పోతుంది. తోట మూలలో ఒక్క చోట పలక తీసి ఉంటుంది. అక్కడ ఒక చదును రాయి. దాన్ని తోట నోటికి అడ్డం పెడితే నీళ్లు కిందికి పోతాయి. కాలువకి అడ్డం పెడితే తోటలోకి వస్తాయి. ఇప్పుడు రాయి తోట నోటికే ఉంది. నీళ్లు కిందికి, పొరుగున ఉండే సఫియా పొలానికి పోతున్నాయి. అది ఆమె అథర్. ఆమె తర్వాతే అర్బాబ్ వంతు.

హిలాల్ గడియారం చూసుకుని మూలకి వచ్చాడు. "బాబూ, ఖోలో."

"హిలాల్ భాయ్, ఇది సఫియా బీబీ వంతు. నీడ ఇంకా రాలేదు."

"సులేమాన్ మేకలు అమ్మడానికి నిజ్వా పోయాడు. ఎవరు చూస్తారు? పాంచ్ మినిట్. పన్నెండున్నరకి బస్సు బహ్లా దాటాలి. ఇంత దూరం వచ్చినవాళ్లకి ఎండిపోయిన తొట్టి చూపించమంటావా? నీ వాళ్లే కదా."

బాబు మియా చాపల వైపు చూశాడు. పొద్దున్నుంచి నలభై మంది అతని మాట విన్నారు. తోటలో అతను రోజుకి పది మాటలు కూడా మాట్లాడడు. వరుణ్ తొట్టిలోనే నిలబడి ఇటు చూస్తున్నాడు. రామలక్ష్మి కూడా చూస్తోంది.

దిష్‌దాషా మోకాళ్ల పైకి దోపి, మూలలో కూర్చున్నాడు. రాయి చుట్టూ కుక్కిన గోనెగుడ్డ ముందు లాగాడు. రాయి అడుగుకి వేళ్లు పోనిచ్చి, పక్కకి వాల్చి, ఒక్క ఊపులో ఎత్తి కాలువకి అడ్డంగా దింపాడు. వెనక హిలాల్ చెయ్యి చాచి, ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తున్నాడు. రామ్మోహన్ కెమెరా టిక్కుమంది.

సందుల్లో గోనెగుడ్డ కుక్కుతుండగా రామలక్ష్మి పక్కకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు వంతు మీదేనా నాయనా?"

బాబు మియా తల ఎత్తలేదు. చేతులు నీళ్లలోనే ఉన్నాయి.

"మాదే మా."

నీళ్లు ముందు ఎండుటాకుల్ని, చీమల్ని తోసుకుంటూ మట్టిరంగులో వచ్చాయి. తర్వాత తేటపడ్డాయి. పిల్లలు తొట్టిలో గంతులు వేశారు. ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు పెట్టారు. డబ్బాలు కడిగారు. వరుణ్ కోట బొమ్మ ఉన్న టూరు కాగితంతో పడవ చేశాడు. రామలక్ష్మి చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మడమలదాకా నీళ్లలో నిలబడి, "ప్రాణం లేచొచ్చింది" అంది.

అయిదు నిమిషాలు అయ్యాయి. ఇంకో అయిదు అయ్యాయి. బాబు మియా రాయి దగ్గరే ఉన్నాడు. ఒకసారి హిలాల్ వైపు చూశాడు. హిలాల్ ఎవరికో ఖర్జూరాల రకాలు చెబుతున్నాడు. పిల్లల్ని బయటికి రమ్మని చెప్పడానికి బాబు మియాకి నోరు రాలేదు.

గోడ సందులో సఫియా కనిపించింది. భుజాన పార. నల్ల గుడ్డ అంచులు తడిసి, మోకాళ్ల దాకా బురద. నీళ్లు ఎక్కడ ఆగాయో చూసుకుంటూ కాలువ వెంట పైకి వచ్చింది. తొట్టిని చూసింది. పిల్లల్ని, డబ్బాలు కడుగుతున్న ఆడవాళ్లని చూసింది. బాబు మియాని చూసింది.

హిలాల్ గబగబా వెళ్లి, అతిథులు వచ్చారు, నువ్వూ వచ్చి కూర్చో అన్నాడు. ఆమె చేతిని గుండెకి ఆనించుకుని అతిథులకి "మర్‌హబా, మర్‌హబా" అంది. ఊరికి వచ్చిన అతిథుల ముందు అంతకన్నా మాట అనకూడదు. పార భుజం మార్చుకుని, వచ్చిన దారినే పోయింది.

బాబు మియా రాయి వెనక్కి తిప్పాడు. గోడ అవతల, సులేమాన్ నీడ కొలిచే కర్ర నాటిన ఎత్తు మీదికి పరుగెత్తి చూశాడు. నీడ రాయిని దాటేసింది. సఫియా అథర్ అయిపోయింది.

బస్సు కదిలే ముందు హిలాల్‌ని మెట్టు దగ్గర పట్టుకున్నాడు. "మన వంతులోంచి ఆమెకి ఒక అథర్ ఇమ్మని అర్బాబ్‌కి చెప్పి పో, భాయ్."

"ఫోన్ చేస్తాను," అన్నాడు హిలాల్. తలుపు మూసుకుంది. వెనక అద్దంలోంచి రామలక్ష్మి చెయ్యి ఊపింది.

*

సులేమాన్ సాయంకాలం ప్రార్థన అయ్యాక వచ్చాడు. ముసలాయన వెంట ఊరివాళ్లు ముగ్గురున్నారు. అర్బాబ్ నాసర్ కూడా ఇంట్లోంచి కర్ర పట్టుకుని వచ్చాడు. బాబు మియా చెట్టు కింద పశువుల గడ్డి మోపు కడుతున్నాడు. లేచి నిలబడ్డాడు.

"పొద్దున రాయి ఎవరు ఎత్తారు?" అన్నాడు సులేమాన్.

"నేనే."

"ఎవరు ఎత్తమన్నారు?"

బాబు మియా తాడు చివర వేలికి చుట్టుకున్నాడు. అర్బాబ్ అతని ముఖంలోకి చూస్తున్నాడు.

"హిలాల్‌కి ఫోన్ చేసి అడుగుతాను," అన్నాడు అర్బాబ్. ఇంట్లోకి వెళ్లాడు. తిరిగి వచ్చి, కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. "తన దేశం వాళ్ల ముందు గొప్పకోసం బాబే తీశాడట. హిలాల్ చూసుకోలేదట."

బాబు మియా నోరు తెరిచాడు. గొప్పకోసం అన్న మాట దగ్గర ఆగిపోయాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. మూసుకున్నాడు.

సులేమాన్ గొంతు పెంచలేదు. "పదకొండేళ్లు నీళ్లలో చెయ్యి పెట్టావు. ఒక్కసారి కూడా మాట రాలేదు. సఫియాకి ఉన్నది ఒక్క అథర్. రెండు మళ్ల వెల్లుల్లి అందక ఆగిపోయింది. ఇంక ఈ ఫలజ్ మీద ఏ రాయీ నువ్వు ముట్టకూడదు."

వాళ్లు వెళ్లాక అర్బాబ్ వెనకే ఉండిపోయాడు. చెట్ల వైపు చూస్తూ చెప్పాడు. "రాయి ముట్టని మనిషితో నాకు తోటలో ఏం పని? వచ్చే వంతు అయ్యాక నీ ఊరికి టికెట్ తెప్పిస్తాను. ఇంకెవరినైనా చూసుకుంటాను." మాటలో కోపం లేదు.

పంపు షెడ్డు పక్కన గదిలో, పెట్టె మూత లోపల, భార్య అజీజా పంపిన ఉత్తరం ఉంది. గోడలు లేచాయి, పైకప్పు నీ రాక కోసం ఆగింది అని రాయించింది. ఆ రాత్రి దాన్ని తీయలేదు.

తర్వాత వారం పనికి లోటు లేదు. గడ్డి కోశాడు. చెట్లెక్కి ఎండిన మట్టలు కొట్టాడు. తాడు నడుముకి చుట్టి, మొద్దుల మీద అడుగు వేస్తూ, కొడవలితో మొదలంటా నరికాడు. పైనుంచి సఫియా మళ్లు కనపడుతున్నాయి. పది మళ్లు పచ్చగా, చివర రెండు తెల్లగా. రోజు రోజుకీ ఆ రెండింటి రంగు మారుతోంది. మొలకల కొసలు పసుపెక్కి వంగాయి.

ఇంతకు ముందు సఫియా గోడ మీద కాఫీ గిన్నె పెట్టేది. బాబు మియా తాగి, కడిగి, బోర్లించి పెట్టేవాడు. గురువారం నుంచి గోడ మీద ఏమీ లేదు.

సోమవారం పొద్దున బావి పంపు నీళ్లు రెండు నూనె డబ్బాలకి పట్టి, కావడి కట్టి మోసుకుపోయాడు. అయిదుసార్లు తిరిగితే ఒక మడి తడుస్తుందని లెక్క. మొదటి డబ్బా వంచబోతుంటే సఫియా కలుపు తీస్తూ లేచి వచ్చింది.

"ఏంటది?"

"బావి నీళ్లు బీబీ. రెండు మళ్లకి."

"తీసుకుపో."

"ఎండిపోతాండాయి బీబీ."

"ఎండనీ. బిచ్చం నీళ్లు నాకొద్దు. మా ఆయన నాకు వదిలిపోయింది ఒక్క అథర్. దాన్ని డబ్బాల్లో తెచ్చి పోస్తావా?" ఆమె డబ్బా అంచు పట్టుకుని నిలబెట్టింది, ఒలికిపోకుండా. "నీళ్లు పారెయ్యకు. తీసుకుపో."

కావడి మళ్లీ భుజానికెత్తుకుని వచ్చాడు. ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలో తెలియలేదు. చివరికి మేకల తొట్టిలో పోశాడు.

*

ఎనిమిదో రోజు శుక్రవారం అయింది. మసీదులో బాబు మియా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయింది. ప్రార్థన అయ్యాక పక్క తోటలో పనిచేసే ఎహసాన్ వచ్చి, అర్బాబ్ చెప్పినట్టు రాయి తిప్పి పోయాడు. బాబు మియా దూరంగా నిలబడి చూశాడు. గుడ్డ సరిగా కుక్కలేదు. చెప్పబోయి ఊరుకున్నాడు. సులేమాన్ ఎత్తు మీద కర్ర పక్కన కూర్చున్నాడు.

ఒంటిగంటకి బస్సు వచ్చింది. పోయిన గురువారం సీట్లు దొరకనివాళ్లు ఈసారి వచ్చారు. లెక్కలు చూసుకోవడానికి శేషుకుమారి, ఆమెతో వరుణ్, మళ్లీ వస్తానని పట్టుబట్టి రామలక్ష్మి. హిలాల్ దిగుతూనే కొత్త దిష్‌దాషా ముడతలు దులుపుకున్నాడు. బాబు మియా వైపు చూడలేదు.

"ఈసారి నీళ్లున్నాయి బామ్మా!" వరుణ్ తొట్టిలోకి దూకాడు.

రామలక్ష్మి నేరుగా బాబు మియా దగ్గరికి వచ్చింది. చీర చెంగులోంచి కవరు తీసింది. "నీ కోసం తెచ్చాను నాయనా. స్టూడియోలో కడిగించాడు మావాడు."

బాబు మియా చేతులు లుంగీకి తుడుచుకుని ఫోటో తీసుకున్నాడు. అందులో తను. మోకాళ్ల మీద కూర్చుని, రాయి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. తన వెనక హిలాల్. చెయ్యి చాచి, రాయి ఎక్కడ దింపాలో వేలితో చూపిస్తున్నాడు. నోరు కూడా తెరిచి ఉంది. వెనక గోడ సందులోంచి ఎత్తు మీది కర్ర కనిపిస్తోంది.

ఫోటో అంచు పట్టుకున్న బొటనవేలు కదిలింది. ఎత్తు మీద కూర్చున్న సులేమాన్ ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు. తల ఎత్తితే హిలాల్ తనవైపే చూస్తున్నాడు. హిలాల్‌కి ఫోటోలోని బొమ్మ కనపడింది.

"ఏం నాయనా, బాగా రాలేదా?"

"బాగా వచ్చింది మా."

"మరి ముఖం అట్లా పెట్టావేం? ఇవాళ రాయి ఇంకెవరో తిప్పారట, నువ్వెందుకు ఇంత దూరంలో నిలబడ్డావు?"

తొట్టిలో పిల్లల కేకలు వినపడుతున్నాయి.

"ఆ పొద్దు నువ్వడిగినావు కదమ్మా, వంతు మీదేనా అని. మాది కాదు. కింద ఒక విధవావిడది. ఆమెకుండేది అరగంటే. నేను మాదే అన్యా."

రామలక్ష్మి తన కాళ్ల వైపు చూసుకుంది. "ఆ నీళ్లలో నన్ను నిలబెట్టావా?" అంది.

"నిలబెట్టినా మా."

"తిట్టాలనుంది నిన్ను."

"తిట్టు మా."

ఆవిడ తిట్టలేదు. తొట్టి గట్టు మీద ఆడవాళ్లు కాళ్లు పెట్టుకుని పిలుస్తుంటే వెళ్లలేదు. చెట్టు మొదట్లో కూర్చుంది.

బాబు మియా హిలాల్ దగ్గరికి నడిచాడు. హిలాల్ ఒక్క అడుగు వెనక్కి వేసి, మళ్లీ నిలబడ్డాడు. అతని చూపు సులేమాన్ మీదికి పోయి వచ్చింది. బాబు మియా ఫోటో చాచాడు.

"నీ ఫోటో, భాయ్. బాగా వచ్చింది. నువ్వు పెట్టుకో."

హిలాల్ తీసుకోలేదు. "దాన్ని వాళ్లకి చూపించలేదా?"

"లేదు. రాయి ఎత్తింది నా చెయ్యే. అబద్ధం చెప్పింది నా నోరే." ఫోటోని హిలాల్ జేబులో పెట్టాడు. తెల్లగుడ్డ మీద తడి వేళ్ల గుర్తు పడింది. "నేను టికెట్ ఇస్తే పోతాను. ఆమె అథర్ మాత్రం ఇంకా తోటలోనే ఉండాది. అది ఆమెకి పోవాల."

అంతే చెప్పి గడ్డి మోపు దగ్గరికి తిరిగి వచ్చాడు. కొడవలి తీసుకున్నాడు గానీ కొయ్యలేదు.

హిలాల్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అతిథుల్లో ఒకాయన వచ్చి ఏదో అడిగితే, అర్థం కానట్టు చూశాడు. గడియారం చేతినుంచి తీసి జేబులో వేసుకున్నాడు. దిష్‌దాషా అంచులు పోగుచేసి నడుములో దోపుకున్నాడు. చెప్పులు విడిచి మూలకి వెళ్లాడు.

"అరే, గైడుగారు మనకి చూపిస్తున్నారు! రండి, రండి," అన్నారెవరో. నలుగురు కెమెరాలు పట్టుకుని వచ్చారు.

హిలాల్ వంగి గోనెగుడ్డ లాగాడు. రాయిని ముందుకి ఎత్తబోయాడు, కదల్లేదు. పక్కకి వాల్చాడు. నీళ్లు ముఖం మీద కొట్టాయి. చప్పట్లు కొట్టారు. రెండోసారి రాయి లేచింది. కాలువలోంచి తీసి తోట నోటికి అడ్డంగా పడేశాడు. కొత్త దిష్‌దాషా ఛాతీ దాకా బురదయింది. నీళ్లు గుభిల్లుమని పలకల కిందికి, సఫియా పొలం వైపు పోయాయి. కెమెరాలు టిక్కుటిక్కుమన్నాయి.

తడి చేతులతోనే ఎత్తు వైపు తిరిగి, హిలాల్ అరబ్బీలో గట్టిగా అన్నాడు. "సులేమాన్ మామా! ఆ రోజు తియ్యమన్నది నేను. ఫోన్‌లో నాన్నకి తప్పు చెప్పాను. ఈ అథర్ ఆమెది. మా వంతులోంచి కొట్టెయ్."

సులేమాన్ లేవలేదు. కర్ర నీడ చూశాడు. ఒక గులకరాయి తీసి నీడ చివర పెట్టాడు.

అతిథులకి అదేమీ తెలియలేదు. "ఏమంటున్నాడు?" "ఏదో పాత మంత్రం లాంటిది అయుంటుంది లెండి." మళ్లీ చప్పట్లు.

రామలక్ష్మి చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడింది.

తొట్టిలో నీళ్లు తగ్గుతున్నాయి. వరుణ్ మోకాళ్ల దగ్గరినుంచి మడమలకి దిగాయి. "బామ్మా! నీళ్లు పోతున్నాయి!"

"పోనివ్వరా. బయటికి రా. అవి ఒకావిడవి."

అయితే నీళ్లన్నీ పోవడం లేదు. హిలాల్ గుడ్డ కుక్కుతున్నాడు, ఒక పక్క కుక్కితే ఇంకో పక్క కారుతోంది. రాయి వంకరగా కూర్చుంది. అరచేత్తో అదిమాడు. వేళ్ల సందుల్లోంచి తోటలోకి ధార పడుతోంది. సఫియా నీళ్లలో సగం మళ్లీ అర్బాబ్ చెట్లకే పోతున్నాయి. కాలువ కింద, గోడ సందులోంచి, సఫియా పారతో మడి నోరు తెరిచి నీళ్ల కోసం వంగి చూస్తోంది.

బాబు మియా కొడవలి పక్కన పెట్టాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆ గుడ్డ ఎక్కడ కుక్కాలో అతనికి ఇక్కడినుంచే తెలుస్తోంది. కదల్లేదు.

ఎత్తు మీదినుంచి సులేమాన్ గొంతు వచ్చింది. విసుగ్గా, రోజూ పిలిచినట్టే.

"యా బాబూ! ఏం చూస్తూ నిలబడ్డావు? వాడికి రాయి పెట్టడం వచ్చా? నీడ నడుస్తోంది, కనపడ్డం లేదా?"

బాబు మియా లుంగీ ఎగ్గట్టి మూలలోకి దిగాడు. హిలాల్ పక్కకి జరిగి చోటిచ్చాడు. బాబు మియా రాయి కిందికి వేళ్లు పోనిచ్చి, ఒక గోరంత ఎత్తి, తిన్నగా కూర్చోబెట్టాడు. గోనెగుడ్డ మడిచి కింది మూలలో కుక్కాడు. పైనుంచి బురద తీసి పూశాడు. ధార దారమైంది. దారం చుక్కలైంది. అరచెయ్యి అక్కడే ఉంచి, చుక్క కూడా ఆగేదాకా కూర్చున్నాడు.